హీటర్ లేని మన స్కూలు బస్సుల్లో వేడినీళ్ల పైపుల సంగతి

అమెరికాలో స్కూలు బస్సులను హీటర్ పైపులు కారుతున్నాయని కంపెనీ వెనక్కి పిలిపించిందంటే, ఆ వార్త మన కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎవరికీ పట్టదు. మే నెలలో 42, 43 డిగ్రీల ఎండ కాసే చోట బస్సుకు హీటరెందుకు? నిజమే, మన బస్సుల్లో హీటర్లు ఉండవు. కానీ అమెరికా బస్సుల్లో పిల్లల కాళ్లు కాల్చేది హీటర్ కాదు, ఇంజన్ నుంచి హీటర్ దాకా వెళ్లే మరిగే నీళ్లు. ఆ నీళ్లు మన బస్సుల్లోనూ ఉన్నాయి, పిల్లలకు అంతే దగ్గరగా ఉన్నాయి. అక్కడ కంపెనీ చేత ఆ పైపులు ఉచితంగా మార్పించే చట్టం ఉంది. ఇక్కడ మన దగ్గరున్న బస్సుల్లో చాలావాటికి ఆ పని బస్సు యజమాని, స్కూలు యాజమాన్యం, షెడ్డు మెకానిక్ కలిసి వేసవి సెలవుల్లో చేసుకోవాల్సిందే.

ముందు అక్కడి సంగతి. చలి దేశం కాబట్టి ఒక హీటర్ డ్రైవర్ దగ్గర, మరొకటి వెనక సీట్ల కింద పెడతారు. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లనే రబ్బరు పైపుల్లో బస్సు పొడవునా గోడ వారగా తీసుకెళ్లి ఆ హీటర్లలో తిప్పి వెనక్కి తెస్తారు. ఇంజన్ వేడెక్కాక ఆ నీళ్లు 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటాయి, పైగా ఒత్తిడిలో ఉంటాయి. క్లిప్పు వదులైనా, పైపు దేన్నైనా రాసుకుని పలచబడినా ఆ నీళ్లు నేరుగా సీట్లో కూర్చున్న బిడ్డ పిక్కల మీద పడతాయి. అందుకే బస్సు లోపల వెళ్లే ప్రతి పైపుకూ కాలకుండా కాపాడే తొడుగు ఉండాలని అక్కడి స్కూలు రవాణా ప్రమాణాలు చెబుతాయి.

60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే అయిదు సెకన్లలో లోతుగా కాల్చేస్తాయి, 70 డిగ్రీలైతే ఒక్క సెకను చాలు. పిల్లల చర్మం ఇంకా పలచన, అంతసేపు కూడా పట్టదు. ఇంజన్ వేడెక్కాక నీళ్లు అంతకంటే వేడిగానే ఉంటాయి.

మన దగ్గర తిరిగే స్కూలు బస్సుల్లో ఎక్కువ భాగం ముందు ఇంజన్ బండ్లే. డ్రైవర్ ఎడమ పక్కన బానెట్, దాని కింద ఇంజన్. బానెట్ పక్కనే ముందు వరస సీటు. సీట్లు చాలని రోజున చిన్నపిల్లలను బానెట్ మీదే కూర్చోబెడతారు, సంచులు దాని మీదే పడేస్తారు. పైపు పగిలిందంటే ఆవిరి, నీళ్లు బానెట్ అంచుల్లోంచి, గేర్ రాడ్డు వచ్చే కంతలోంచి పైకి తన్నుకొస్తాయి. మొదట తగిలేది డ్రైవర్ ఎడమకాలికి, ఆ తర్వాత ముందు వరసలో ఉన్న పిల్లలకు. కాలు కాలిన డ్రైవర్ బండిని ఎటు తిప్పుతాడో చెప్పలేం. కాలిన గాయాలు ఒక ప్రమాదమైతే, బండి అదుపు తప్పడం అంతకంటే పెద్ద ప్రమాదం.

నీళ్లు ఎక్కడెక్కడ తిరుగుతాయి

రేడియేటర్ పైపులంటే పైనొకటి కిందొకటి అనుకుంటారు చాలామంది. మెకానిక్‌ను అడిగినా ఆ రెండే మారుస్తాడు. కానీ పగిలేవి తరచుగా చిన్న పైపులే. థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచే వాల్వు) దగ్గర నుంచి వాటర్ పంపుకు వెళ్లే పొట్టి బైపాస్ పైపు ఒకటి. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బాకు వెళ్లే గాలి పైపులు రెండు మూడు, వేలంత లావుండేవి. ఎయిర్ బ్రేకుల కంప్రెసర్‌ను చాలా బండ్లలో ఇంజన్ నీళ్లతోనే చల్లబరుస్తారు, దానికి వచ్చే పైపు, పోయే పైపు. ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచేది) ఉన్న బండ్లలో దానికి మరో జత.

వీటితోపాటు ఎవరూ చూడని రెండు చోట్లున్నాయి. ఒకటి, ఇంజన్ మీద హీటర్ కోసం వదిలిన పైపు మూతులు. హీటర్ బిగించని బండ్లలో ఆ మూతులకు రబ్బరు టోపీ తొడిగి క్లిప్పు వేస్తారు, లేదా ఒక పైపు ముక్కను వంచి రెండు మూతులకూ కలిపేస్తారు. ఆ టోపీలో నీళ్లు కదలవు, కానీ వేడి, ఒత్తిడి మాత్రం పూర్తిగా తగులుతుంటాయి. ఆ ముక్క అక్కడుందనే ఎవరికీ గుర్తుండదు కాబట్టి బండి పుట్టినప్పటిదే ఉండిపోతుంది. బస్సులో హీటర్ లేదని నిశ్చింతగా ఉండేవాళ్లు ముందు ఈ టోపీల కోసం వెతకాలి. రబ్బరు టోపీ తీసేసి లోహపు మూత వేయించడమో, కొత్త పైపుతో రెండు మూతులనూ కలపడమో చేయాలి. ఏది చేయాలన్నది ఇంజన్‌ను బట్టి ఉంటుంది. కొన్నింటిలో ఆ దారిలో నీళ్లు తిరగడం అవసరం కాబట్టి మూసేసే ముందు కంపెనీ మాన్యువల్ చూడాలి.

రెండోది బీఎస్‌-6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండ్లలో ఉంటుంది. పొగ శుభ్రం చేయడానికి వాడే యూరియా ద్రావణం మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అందుకని కొన్ని బండ్లలో ఇంజన్ వేడినీళ్లను ఛాసిస్ వెంబడి యూరియా ట్యాంకు దాకా తీసుకెళ్లే పైపులు ఉంటాయి. అనంతపురంలో యూరియా ఎన్నడూ గడ్డకట్టదు, కానీ పైపు మాత్రం అక్కడే ఉంటుంది. టైర్లు ఎగజిమ్మే కంకర రాళ్ల దెబ్బ దానికి తగులుతుంది. మీ బండికి అది ఉందో లేదో ట్యాంకు దగ్గర పడుకుని చూస్తే తెలిసిపోతుంది.

రాయలసీమలో పైపులు త్వరగా ఎందుకు పోతాయి

ఎండ ఒక్కటే కారణం కాదు. నా లెక్కలో మొదటి కారణం బోరు నీళ్లు. మన బోర్లలో నీళ్లు ఎంత గట్టివో వంటింట్లో గిన్నెల అడుగు చూస్తే తెలుస్తుంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గినప్పుడల్లా క్లీనర్ అందిన బకెట్టుతో అవే పోస్తాడు. ఆ ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో, ఇంజన్ గోడలకు పెచ్చు కడుతుంది, వేడి బయటికి పోదు. పైపు తొడిగిన లోహపు మూతి మీద తుప్పు, పెచ్చు పేరుకుని గరుకవుతుంది. క్లిప్పు ఎంత బిగించినా ఆ గరుకు సందుల్లోంచి నీళ్లు చెమర్చుతాయి. కొత్త పైపు వేసినా కారుతోందంటే తప్పు పైపుది కాదు, మూతిది.

లోపలి నుంచి జరిగే నష్టం మరొకటి ఉంది. కూలెంట్ సత్తువ పోయినప్పుడు, లేదా ఉప్పు నీళ్లు పోసినప్పుడు, ఇంజన్ లోహానికీ పైపు రబ్బరుకూ మధ్య ఆ నీళ్లు బ్యాటరీలో ద్రావణంలా పనిచేస్తాయి. రబ్బరు లోపలి పొరలో సన్నటి పగుళ్లు పడతాయి, అవి లోపల దారపు అల్లికను చేరి దాన్ని చీకేలా చేస్తాయి. బయటికి పైపు నల్లగా, నిగనిగలాడుతూ కొత్తదానిలాగే కనిపిస్తుంది. ఈ నష్టం ఎక్కువగా పైపు రెండు చివర్లలో, క్లిప్పుకు రెండంగుళాల లోపలే ఉంటుంది. చూపుతో కనిపెట్టలేం, వేళ్లతో నొక్కి పట్టుకోవాలి.

తర్వాత నూనె. కూలెంట్ పైపులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు. వేడికి అది గట్టిది, కానీ ఇంజనాయిల్, డీజిల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ (ఇంజన్ పైమూత కింది సీలు) కారుతున్న ఇంజన్‌లో కింది పైపు ఎప్పుడూ నూనెతో తడిసే ఉంటుంది. నూనె కారడం ఆపకుండా పైపు మార్చితే ఏడాది తిరక్కుండా మళ్లీ అదే పని. పైపుకు గ్రీజు రాసి తొడిగే అలవాటు కూడా ఇందుకే మంచిది కాదు. సబ్బు నీళ్లో, కాస్త కూలెంటో రాస్తే చాలు, సులువుగా ఎక్కుతుంది.

తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండ రాళ్ల పొడి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము రేడియేటర్ రేకుల సందులను బయటి నుంచి పూడ్చేస్తాయి. నీళ్లు చల్లబడక ఒత్తిడి ఎప్పుడూ పైస్థాయిలోనే ఉంటుంది, ఆ భారం పైపుల మీద పడుతుంది. రేడియేటర్‌ను వారానికోసారి ఇంజన్ వైపు నుంచి బయటికి, అంటే గాలి వచ్చే దిశకు ఎదురుగా, మెల్లగా నీళ్లతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్ను దగ్గరగా పెడితే రేకులు వంగిపోయి మొదటికే మోసం వస్తుంది.

ఇక ఎలుకలు. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా బస్సులు పొలాల పక్కన, స్కూలు మైదానాల్లో కదలకుండా ఉంటాయి. బానెట్ కింద చల్లని నీడ దొరికితే ఎలుకలు, ఉడతలు గూళ్లు పెట్టి చిన్న పైపులను కొరుకుతాయి. సెలవుల తర్వాత బండిని మొదటిసారి స్టార్టు చేసే ముందు బానెట్ ఎత్తి టార్చి వేసి చూడాలి.

పరీక్ష ఎలా చేయాలి

పొద్దున్నే, రాత్రంతా ఆగి ఉన్న బండి మీద, స్టార్టు చేయకముందు చేయాలి. దీనికి కారణముంది. క్లిప్పు దగ్గర చిన్న లీకులు చల్లగా ఉన్నప్పుడు కారి, ఇంజన్ వేడెక్కాక రబ్బరు ఉబ్బడంతో ఆగిపోతాయి. మధ్యాహ్నం షెడ్డుకు తీసుకెళితే ఏమీ కనిపించదు, మెకానిక్ బాగానే ఉందంటాడు. బండి కింద రాత్రి అట్టముక్క పరిచి ఉంచితే పొద్దున చుక్క ఎక్కడ పడిందో చూసి లీకు ఎక్కడో పట్టుకోవచ్చు. ఆరిపోయిన కూలెంట్ క్లిప్పు చుట్టూ తెల్లటి, పచ్చటి లేదా గులాబీ రంగు పొడిలా అంటుకుని ఉంటుంది.

ఆ తర్వాత ప్రతి పైపునూ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి మొదట నడుమ నొక్కాలి, తర్వాత రెండు చివర్ల దగ్గర నొక్కాలి. మంచి పైపు అన్ని చోట్లా ఒకేలా లొంగి తిరిగి లేస్తుంది. చివర నడుమకంటే మెత్తగా ఉంటే లోపలి అల్లిక పోయింది. పటపటమని చప్పుడు వస్తే రబ్బరు ఎండి పెళుసెక్కింది. జిగటగా ఉండి వేళ్లకు నల్లగా అంటితే నూనె తాగింది. ఎక్కడైనా బుడిపెలా ఉబ్బితే ఆ బండిని ఆ రోజు పిల్లలతో పంపకూడదు. పైపు దేన్నైనా రాసుకుంటోందేమో కింద నుంచి అద్దం పెట్టి చూడాలి. ఫ్యాన్ బెల్టు, ఇంజన్ ఫౌండేషన్ బ్రాకెట్, రేడియేటర్ ఫ్రేము అంచు, ఈ మూడు చోట్ల ముఖ్యంగా చూడాలి.

కింది రేడియేటర్ పైపులో చాలా బండ్లకు లోపల స్ప్రింగు ఉంటుంది. పంపు నీళ్లు పీల్చేటప్పుడు పైపు నొక్కుకుపోకుండా ఆపేది అదే. పాత బండ్లలో అది తుప్పు పట్టి రాలిపోయి ఉంటుంది, లేదా పైపు మార్చినప్పుడు మెకానిక్ తిరిగి వేయడు. ఊళ్లో బాగానే ఉండి హైవే ఎక్కి ఇంజన్ రేసు పెంచగానే హీటెక్కే బండ్లలో ఇది తప్పకుండా చూడాలి. దానికి వ్యతిరేకంగా, బండి చల్లారాక పై పైపు నొక్కుకుపోయి కనిపిస్తే తప్పు రేడియేటర్ మూతలోని వాక్యూమ్ వాల్వుది.

చేత్తో చూసింది చాలదు. ప్రెజర్ టెస్టు చేయాలి. రేడియేటర్ లేదా డబ్బా మూత ఉండే చోట బిగించే చేతి పంపు ఇది, గేజీతో వస్తుంది. మంచి రేడియేటర్ షాపుల్లో ఉంటుంది. నాలుగైదు బస్సులున్న స్కూలు ఒకటి కొనుక్కోవడం మేలు. బండి పూర్తిగా చల్లారాక, నీళ్లు నిండుగా ఉన్నాయని చూసుకుని, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా మాత్రమే పంపు కొట్టాలి. 0.9 అని ఉంటే 0.9 బార్, 100 కేపీఏ అని ఉంటే ఒక బార్. అంతకు మించి కొడితే మంచి రేడియేటర్ కూడా చీలుతుంది. పది పదిహేను నిమిషాలు ముల్లు కదలకుండా నిలబడాలి. పడిపోతుంటే టార్చితో ప్రతి అతుకూ చూడాలి. ఎక్కడా తడి లేకుండా ముల్లు పడిపోతుంటే లీకు ఇంజన్ లోపలుంది. మూతను కూడా అదే పంపుతో విడిగా పరీక్షించాలి. మూత పోతే పైపులన్నీ కొత్తవైనా లాభం లేదు.

మూత విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒత్తిడి పెరిగేకొద్దీ నీళ్లు మరిగే వేడి పెరుగుతుంది, కుక్కర్‌లో జరిగేదే. ఒక బార్ మూత కింద మామూలు నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. మూత స్ప్రింగు వదులైతే నీళ్లు ముందే మరిగి బయటికి పోతాయి. పోతున్నాయని షాపులో దొరికిన ఎక్కువ బార్ మూత వేస్తే పాత పైపు పగులుతుంది. బండికి ఇచ్చిన అంకె ఏదో అదే అంకె మూత వేయాలి.

స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషాలకే, నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే పై పైపు రాయిలా గట్టిపడితే, డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తుంటే, హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్ కింది సీలు) పోయి ఇంజన్ గ్యాసు నీళ్లలోకి వస్తోందన్నమాట. అలాంటి బండికి పైపులు ఎన్నిసార్లు మార్చినా పగులుతూనే ఉంటాయి.

మార్చేటప్పుడు

స్కూలు బస్సు రోజుకు రెండు ట్రిప్పులే తిరుగుతుంది, కిలోమీటర్ల లెక్కన చూస్తే పైపులకు ఎప్పటికీ వయసు రాదు. రబ్బరుకు మాత్రం వయసు ఏళ్ల లెక్కనే. నాలుగేళ్లు దాటిన కూలెంట్ పైపులను, బాగున్నా సరే, పెద్దవీ చిన్నవీ అన్నీ ఒకేసారి మార్చేయడం మంచిదని నా అభిప్రాయం. ఒక్కటి పగిలి మిగతావి అలాగే ఉంచితే, కొత్త పైపు ఒత్తిడిని ఆపుతుంది, తర్వాతి బలహీనమైనది పగులుతుంది. కొన్న తేదీ ప్రతి పైపు మీదా తెల్ల పెయింటుతో రాయించండి.

పైపు లోకొలత కచ్చితంగా మూతి కొలతకు సరిపోవాలి. చిన్న పైపులు సాధారణంగా 16, 19 మిల్లీమీటర్ల కొలతల్లో వస్తాయి. 19 పైపును 16 మూతికి తొడిగి క్లిప్పుతో నలిపితే ముడత పడి ఆ ముడతలోంచే కారుతుంది. వంపు ఉన్న చోట కంపెనీ అచ్చులో పోసిన వంపు పైపే వేయాలి. తిన్నటి పైపును వంచి పెడితే లోపలి వైపు మడత పడి నీళ్లు ఆగుతాయి. రెండు పైపు ముక్కల మధ్య జీఐ గొట్టం పెట్టి కలపడం, సైకిల్ ట్యూబు చుట్టి కట్టడం లాంటివి రోడ్డు మీద నుంచి బండిని ఇంటికి చేర్చడానికి తప్ప పిల్లలను ఎక్కించే బండికి పనికిరావు. ప్రతి అతుకుతోనూ కారే చోటు మరో రెండు పెరుగుతుంది.

పాత పైపును లాగి పీకకూడదు, రేడియేటర్ మూతి విరుగుతుంది. కత్తితో నిలువునా కోసి విప్పాలి. మూతిని సన్నటి ఎమరీ పేపర్‌తో రుద్ది లోహం మెరిసేదాకా శుభ్రం చేయాలి. గుంటలు పడి ఉంటే ఆ మూతి భాగాన్నే మార్చాలి, సీలెంట్ పూసి సరిపెట్టొద్దు. పైపు మూతి మీదికి కనీసం 25 మిల్లీమీటర్లు ఎక్కాలి. మూతి చివర ఉబ్బెత్తు గీత ఉంటుంది, క్లిప్పు ఆ గీత దాటాక లోపలి వైపు, పైపు చివరి నుంచి నాలుగైదు మిల్లీమీటర్లు వదిలి కూర్చోవాలి. గీత మీదే బిగిస్తే రబ్బరు తెగుతుంది, చివరంచున బిగిస్తే జారుతుంది. అరంగుళం వెడల్పు స్క్రూ క్లిప్పుకు నాలుగైదు న్యూటన్ మీటర్ల బిగువు చాలు. రబ్బరు క్లిప్పు గాడుల్లోంచి పైకి పొంగేదాకా బిగిస్తే పైపు అక్కడే తెగడం మొదలవుతుంది. సిలికాన్ పైపులు వేయాలనుకుంటే లోపల నున్నటి పట్టీ ఉన్న క్లిప్పులే వాడాలి, గాడుల క్లిప్పు సిలికాన్‌ను కోసేస్తుంది. పాత క్లిప్పులు మళ్లీ వాడొద్దు.

కూలెంట్ ఎంత పట్టాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది. 14 లీటర్లని ఉంటే 7 లీటర్ల గాఢ కూలెంట్, 7 లీటర్ల బ్యాటరీ నీళ్లు (యాసిడ్ కాదు, డిస్టిల్డ్ వాటర్). మన ఎండలకు గడ్డకట్టే భయం లేదు కదా, కూలెంట్ ఎందుకంటారు కొందరు. మనకు కావాల్సింది తుప్పు పట్టకుండా ఉండడం, నీళ్లు ఆలస్యంగా మరగడం. పాళ్లు మూడో వంతుకు తగ్గితే ఆ రక్షణ చాలదు. కొత్తది పోసేముందు లోపలంతా శుభ్రమైన నీళ్లతో కడగాలి, కానీ కడిగిన నీళ్లు ఇంజన్ బ్లాకులో కొన్ని మిగిలిపోతాయి. అందుకే ముందు గాఢ కూలెంట్ 7 లీటర్లూ పోసి, మిగతాది బ్యాటరీ నీళ్లతో నింపితే పాళ్లు తప్పవు. కంపెనీ కలిపి అమ్మే కూలెంట్ కొంటే అందులో నీళ్లు కలపకూడదు. దారిలో తక్కువ పడితే బోరు నీళ్ల బదులు ప్లాంటు నీళ్లు పోయడం మేలు.

మెల్లగా పోయాలి. మూత తీసి ఉంచి ఇంజన్‌ను ఐడిల్‌లో నడిపితే 80 డిగ్రీలు దాటాక థర్మోస్టాట్ తెరుచుకుని మట్టం ఒక్కసారిగా దిగుతుంది. మళ్లీ నింపి మూత వేయాలి. మర్నాడు పొద్దున మట్టం మళ్లీ చూడాలి. లోపల గాలి ఇరుక్కుంటే ఒకచోట ఇంజన్ మరిగిపోతూ ఉంటుంది, మీటరు మాత్రం మామూలుగా చూపిస్తుంది. కొత్త రబ్బరు వేడికి సర్దుకుని క్లిప్పులు వదులవుతాయి కాబట్టి రెండు మూడు రోజులు తిప్పాక, చల్లగా ఉన్నప్పుడు అన్నిటినీ ఇంకోసారి బిగించాలి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే కొత్త పైపులు కూడా ఊడిపోతుంటాయి.

థర్మోస్టాట్‌ను పీకేస్తే బండి చల్లగా ఉంటుందని మన షెడ్డుల్లో గట్టి నమ్మకం. చాలా డీజిల్ ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే వేడినీళ్లలో చాలా భాగం రేడియేటర్‌కు వెళ్లకుండా బైపాస్ గుండా తిరిగి ఇంజన్‌లోకే వస్తుంది. చదునులో తేడా తెలియదు. గువ్వలచెరువు ఘాట్ లాంటి ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

పైపుల పని అయ్యాక బానెట్ చూడండి. మూత చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు, నాలుగు లాచులు, గేర్ రాడ్డు దగ్గరి రబ్బరు బూటు సరిగా ఉంటే పైపు పగిలినా ఆవిరి కిందికి, రోడ్డు మీదికి పోతుంది. బీడింగు, బూటు పెద్ద ఖర్చు కాదు, పిల్లలకు తగిలే దెబ్బను సగం ఆపేది అవే. బానెట్‌కూ ముందు సీటుకూ మధ్య రేకు అడ్డం పెట్టించండి. బానెట్ మీద ఎవరినీ కూర్చోనివ్వకండి, ఒక్క స్టాపు దూరమైనా సరే.

దారిలో పైపు పగిలితే

తియ్యటి వాసన, అద్దాల మీద జిడ్డు మంచు, మీటరు ఒక్కసారి పెరిగి పడిపోవడం. ఈ మూడిట్లో ఏది కనిపించినా బండి ఎడమకు తీసి ఆపాలి. నీళ్లు పూర్తిగా పోతే సెన్సార్ గాలిలో ఉంటుంది, అప్పుడు మీటరు చల్లగానే చూపిస్తుంది. ముల్లు పడిందని సంతోషించి ముందుకు పోనివ్వకూడదు. ఇంజన్ ఆపి, ముందు వరస పిల్లలను వెనక్కి పంపి, అందరినీ బానెట్‌కు దూరంగా ఉన్న తలుపు నుంచి దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. కారిన కూలెంట్ మీద కాళ్లు జారతాయి, డ్రైవర్ చెప్పు కింద ఉంటే బ్రేక్ పెడల్ మీద కూడా జారుతుంది. నీళ్లు ఇగిరిపోయి కూలెంట్‌లో మిగిలిన గ్లైకాల్ అనే రసాయనం కాలుతున్న టర్బో మీద, సైలెన్సర్ పైపు మీద పడితే అంటుకోవచ్చు కూడా, మంటలార్పే సిలిండర్ చేతికి అందేలా ఉండాలి. కనీసం ముప్పావు గంట మూత ముట్టుకోకూడదు. మూత తెరిచిన క్షణంలో ఒత్తిడి పోయి, లోపలున్న నీళ్లు అప్పటికప్పుడు ఆవిరై మొహం మీదికి లేస్తాయి. ఖాళీ అయిన వేడి ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే సిలిండర్ హెడ్ పగులుతుంది.

ఎవరికైనా కాలితే మొదట తడిసిన సాక్సు, బూటు, ప్యాంటు విప్పేయాలి. వేడిని పట్టి ఉంచేవి అవే. చర్మానికి అంటుకుపోయిన గుడ్డను మాత్రం లాగకూడదు. తర్వాత మామూలు చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి. నిమిషానికి లీటరు లెక్కన ఇరవై లీటర్లు. కాబట్టి ప్రతి బస్సులో ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్ ఒకటి విడిగా, రేడియేటర్ క్యాన్‌తో కలవకుండా ఉండాలి. ఐసు, పేస్టు, ఇంకు, పసుపు ఏదీ పెట్టొద్దు, బొబ్బలు చిదపొద్దు. ఉతికిన గుడ్డ వదులుగా కప్పి 108కి ఫోను చేయాలి. కళ్లలో పడితే పదిహేను నిమిషాలు తగ్గకుండా కడగాలి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. బస్సులో కూలెంట్‌ను నీళ్ల సీసాలో పోసి ఉంచకండి, ఆయాకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి.

రీకాల్ మన దగ్గర

మన దేశంలోనూ రీకాల్ చట్టం ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షన్ చేర్చారు, దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. లోపం ప్రయాణికులకు హాని చేసేదైతే కేంద్రం కంపెనీని బండ్లు వెనక్కి పిలవమని ఆదేశించవచ్చు, కంపెనీ తనంతట తాను పిలవకపోతే పది లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. కానీ ఇది ఏడేళ్లలోపు బండ్లకే. అమెరికాలో పదిహేనేళ్ల దాకా ఉచితంగా బాగుచేసి ఇవ్వాలి. మన పల్లెల స్కూళ్లు కొనే సెకండ్‌హ్యాండ్ బస్సుల్లో చాలావాటికి ఏడేళ్లు ఎప్పుడో దాటి ఉంటాయి. ఏటా మే 15కు ముగిసే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కోసం బండి తీసుకెళ్లినప్పుడు బ్రేకులు, లైట్లు, తలుపులు, కిటికీ కడ్డీలు చూస్తారు. కూలెంట్ పైపులను ప్రెజర్‌తో పరీక్షించే పని యజమానిదే.

ఏడేళ్లలోపు బండిలో ఒకే పైపు, ఒకే చోట, రెండోసారి పగిలితే దాన్ని అరుగుదల అనుకుని వదలొద్దు. పైపు దారిలోనో బ్రాకెట్‌లోనో కంపెనీ తప్పు ఉండవచ్చు. పైపు బండి మీద ఉండగానే ఫొటోలు తీయండి, అది రాసుకునే చోటు కూడా కనిపించాలి. ఛాసిస్ నంబరు, తయారీ నెల, ఓడోమీటర్ అంకె రాసుకోండి. బాడీ కట్టింది వేరే వర్క్‌షాపైతే ఆ పైపు ఛాసిస్‌తో వచ్చిందా, బాడీ వాళ్లు వేశారా అన్నది ముందు తేల్చుకోండి, ఎందుకంటే ఫిర్యాదు ఎవరి మీదన్నది దాన్ని బట్టే. సర్వీసు సెంటర్‌లో జాబ్ కార్డు మీద ‘పైపు పగిలింది’ అని రాయించి నకలు తీసుకోండి. పరివాహన్ వెబ్‌సైట్‌లో వాహన రీకాల్ విభాగం కింద యజమాని నేరుగా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. పక్క ఊరి స్కూలులో అదే మోడల్ బస్సు ఉంటే వాళ్లనూ చూసుకోమనండి, పగిలి ఉంటే వాళ్లచేత కూడా ఫిర్యాదు పెట్టించండి. ఒక్క బండి ఫిర్యాదుతో రీకాల్ రాదు, అమ్మిన బండ్లలో ఎన్నింటి మీద ఫిర్యాదులు వచ్చాయన్నదే లెక్క. కోసి తీసిన పైపును, క్లిప్పుతో సహా, తేదీ రాసి సంచిలో కట్టి ఉంచండి, సర్వీసు వాళ్లు అడిగినా రసీదు లేకుండా ఇవ్వొద్దు.